మా కోలా బొమ్మ ఎవరినీ చంపదు

1986 జూన్ 10, మంగళవారం

మేవిస్ మోకాలి నొప్పికని టూవూంబాలో వాళ్ళ చెల్లెలు డల్సీ దగ్గరికి వెళ్ళింది. డైరీ బల్ల మీదే వదిలేసింది. వాన ఎంత పడింది, ఎవరొచ్చారు, ఎన్ని తోళ్ళు ఆరబెట్టాం, ఇన్నేళ్ళూ అన్నీ తనే రాసేది. పేజీలు ఖాళీగా ఉంటే చూడ్డానికి బాగాలేదు. అందుకని రాస్తున్నాను. ఎవరి కోసమూ కాదు.

నా రాత కోడి కెలికినట్టుంటుంది. ఉండనీ. ఏం రాశానో నాకు గుర్తుంటుంది, చాలు.

వాన లేదు.

జూన్ 11

వాన లేదు. మేవిస్ ఫోన్ చేయలేదు. మోకాలు బాగా నొప్పిగా ఉండి ఉంటుంది.

జూన్ 12, గురువారం

బ్రిస్బేన్ నుంచి సినిమావాళ్ళు రెండు వ్యాన్లలో దిగారు. వాళ్ళ పెద్ద పేరు వారిక్. ముప్ఫై దాటి ఉండవు. నా వంటింట్లో కూర్చుని కూడా నల్ల కళ్ళద్దాలు తీయలేదు. నన్ను “గురూ” అన్నాడు. నా వయసు డెబ్భై రెండు. వాడితో కలిసి నేనెప్పుడు గోళీలాడానో.

వాళ్ళకు నా కోలా బొమ్మలు కావాలట. ఎక్కడో పాత సామాన్ల కొట్లో ఒకటి దొరికితే, వెనకాల అచ్చు చూసి వెతుక్కుంటూ వచ్చారు. ఇదీ నా సరుకంటే. అసలైన కంగారూ తోలు. తోలు తీసేదీ, శుద్ధి చేసేదీ, కత్తిరించేదీ నేను. మొహం కుట్టే పని మాత్రం మేవిస్‌ది. నల్ల తోలు ముక్కు, గోధుమరంగు గాజు కళ్ళు, కింద నల్లదారంతో సన్నటి నోటి గీత. ఆ గీత చూస్తే బొమ్మ నవ్వుతోందో, నవ్వు ఆపుకుంటోందో చెప్పలేం. ఒకప్పుడు విమానాశ్రయాల్లో జపాన్ వాళ్ళు ఎగబడి కొనేవాళ్ళు. ఇప్పుడు ఎక్కడ చూసినా నైలాన్ బొమ్మలే. ఉతికితే రంగు పోయే వెధవ బొమ్మలు.

“ఈ సినిమాలో మీ బొమ్మే హీరో గురూ” అన్నాడు వారిక్.

ఇవ్వనని ఎలా అంటాను?

వాళ్ళతో జిల్ అని ఒకమ్మాయి ఉంది. పనంతా ఆ అమ్మాయే చేస్తోంది, వీడు చేతులు తిప్పుతాడు. వెళ్తూ వెళ్తూ ఇటుకంత కాగితాల కట్ట నా చేతిలో పెట్టింది. “పెద్దాయనా, ఇది స్క్రిప్టు. మొత్తం చదివి చెప్పండి. మీకు ఏది నచ్చకపోయినా మీ బొమ్మ వాడం. నేను మాటిస్తున్నాను” అంది.

జూన్ 13, శుక్రవారం

స్క్రిప్టు చదివాను. బాగుంది.

జూన్ 14

ప్రతి పేజీలోనూ కోలా ఉంది. ఆ మాట ఎక్కడున్నా నేను గుర్తుపడతాను, ముప్ఫై ఏళ్ళు తోలు మీద అచ్చు కొట్టినవాణ్ణి. ప్రతి పేజీలోనూ ఉన్నాడంటే హీరో వాడే. మిగతావి అవసరమైన మాటలు కావు.

పొద్దున జిల్ వచ్చింది.

“చదివారా పెద్దాయనా?”

“చదివాను.”

“మీకు ఫర్వాలేదా? మరి... ఆ చిన్నపాప భాగం?”

“అదే బాగుంది. పిల్లలకు నచ్చుతుంది.”

ఆ అమ్మాయి నన్ను కాసేపు అలాగే చూసింది. “ఆఖర్లో మంట?”

“చలికాలం కదా. మంట ఉండాలి.”

“మీరు గట్టి మనిషి” అని నా చెయ్యి పట్టుకుని ఊపి వెళ్ళింది. బ్రిస్బేన్ నుంచి వచ్చినవాళ్ళలో మనిషిని గుర్తుపట్టగలిగింది ఆ అమ్మాయి ఒక్కతే.

జూన్ 15, ఆదివారం

మేవిస్ ఫోన్ చేసింది. మోకాలి గురించి అడిగాను. మోకాలికేం, బాగానే ఉందంది. మరి రావేం అని నేను అడగలేదు, తను చెప్పలేదు.

సినిమా గురించి చెప్పాను.

“దేని గురించట?” అంది.

“కోలా గురించి.”

“కోలా ఏం చేస్తుంది?”

“అన్నీ చేస్తుంది. హీరో.”

“అన్నీ అంటే ఏంటి క్లారీ?”

“సినిమా వచ్చాక చూద్దువులే, ఇప్పుడే చెప్పేస్తే ఏం బాగుంటుంది?”

“ఆ కాగితాలు బస్సులో వేసి నాకు పంపు. నాకిక్కడ పనేం లేదు. చదువుతా.”

“నాకు కళ్ళు లేవనుకున్నావా?” అన్నాను.

డల్సీ భోజనానికి పిలుస్తోందని పెట్టేసింది. మధ్యాహ్నం మూడింటికి భోజనమేంటి?

జూన్ 16

గాలి. షెడ్డు రేకు ఒకటి లేచింది. కొట్టాను.

జూన్ 17, మంగళవారం

ఇంట్లో మిగిలిన బొమ్మలు ఐదూ ఇచ్చాను. రెండు మార్పులు కావాలన్నారు. గోళ్ళు పొడుగ్గా ఉండాలట. అందులో వింతేం లేదు, కోలాకు గోళ్ళుంటాయి, చెట్టెక్కాలి కదా. మేక కొమ్ము అరగదీసి పెట్టాను, మంచి పనితనం.

రెండోది, నోరు తెరుచుకోవాలట. అంటే మేవిస్ కుట్టిన గీత కోసెయ్యాలి.

కత్తి పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. పాటలు పాడే బొమ్మ అయితే నోరు తెరవాలి కదా. తెరవకుండా ఎలా పాడుతుంది? కోశాను. లోపల ఎర్రగుడ్డ వేసి కుట్టాను. నా కుట్టు వంకర. ఐదింటికీ ఐదు రకాల వంకర. మేవిస్ చూస్తే ఏమంటుందో తెలుసు. చూడ్డానికి ఇక్కడ లేదుగా.

జూన్ 19

పబ్‌కి వెళ్ళాను. స్నో అక్కడే ఉన్నాడు, ఎప్పుడు లేడు గనక. వాడి జుట్టు ఇరవయ్యేళ్ళకే నెరిసింది, అప్పటినుంచీ స్నో. వాడి కుక్క టింకర్ కాళ్ళ దగ్గర పడుకుని ఉంది. కంగారూల వేటకు అలవాటుపడిన కుక్క, దూడంత ఉంటుంది.

“ఒరేయ్ క్లారీ, వచ్చే గురువారం మీ కోలా నన్ను నీళ్ళ తొట్టిలో ముంచేస్తుందట్రా” అన్నాడు.

“నిన్ను సబ్బునీళ్ళలో ముంచినా తప్పులేదు” అన్నాను.

అందరూ నవ్వారు. కొట్టు నడిపే నోరీన్ మాత్రం నవ్వలేదు. బయటికి వస్తుంటే వెనకాలే వచ్చింది. “క్లారీ, నువ్వా స్క్రిప్టు నిజంగా చదివావా?” అంది.

“నీ పని నువ్వు చూసుకో నోరీన్” అన్నాను.

“చూసుకుంటాలే” అంది.

జూన్ 20

మేవిస్ వెళ్ళకముందు, ఆ పబ్‌లోనే జరిగింది. రాయకూడదనుకున్నాను. రాస్తే ఏమవుతుంది, ఈ గీతలూ బొమ్మలూ నాకు తప్ప ఎవరికి అర్థమవుతాయి?

స్కూల్లో బుధవారాలు పెద్దవాళ్ళకు చదువు చెబుతారట. మేవిస్ వెళ్ళి నా పేరు ఇచ్చి వచ్చింది. నాతో చెప్పకుండా. పబ్‌లో ఆ పంతులమ్మ అందరి ముందూ నా భుజం తట్టి, “బుధవారం వస్తున్నారుగా?” అంది. స్నో తల ఇటు తిప్పాడు. నాకు ఒళ్ళు మండింది. “అది మా ఆవిడ కోసం. పేరు తప్పు రాసినట్టుంది. అక్షరం ముక్క రానిది దానికే” అన్నాను.

నవ్వారు. మేవిస్ గ్లాసు బల్ల మీద పెట్టింది. చప్పుడు కాకుండా పెట్టింది.

మర్నాడు మోకాలు నొప్పి అంది.

వాన లేదు.

జూన్ 21, శనివారం

నోరీన్ కొట్లో షూటింగ్ ఉందంటే వెళ్ళాను. ఇప్పటిదాకా రోడ్డు మీద కార్లే తీసుకున్నారు కాబట్టి నేను వెళ్ళలేదు. ఇవాళ నా బొమ్మ పని చూద్దామని గడ్డం గీసుకుని, మంచి టోపీ పెట్టుకుని వెళ్ళాను. ఊరంతా అక్కడే ఉంది.

పిండి బస్తాల మధ్య నోరీన్ వెల్లకిలా పడి ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. మెడ నుంచి జాకెట్టు దాకా రక్తం. ఆవిడ గుండెల మీద నా కోలా కూర్చుని ఉంది. నేను అరగదీసిన గోళ్ళు ఆవిడ గొంతులో ఉన్నాయి. నేను కోసిన నోట్లోంచి రక్తం కారుతోంది. పక్కనుంచి ఎవరో తీగ లాగితే తల నావైపు తిరిగింది.

“ఆపండి!” అన్నాను. ఎంత గట్టిగా అరిచానంటే చచ్చిపడిన నోరీన్ లేచి కూర్చుంది.

వారిక్ కళ్ళద్దాలు పైకి తోసుకున్నాడు. “ఏమైంది గురూ? మంచి షాట్ పాడైంది.”

“నా బొమ్మ ఎవరినీ చంపదు. ముప్ఫై ఏళ్ళుగా పిల్లలు పక్కలో పెట్టుకుని పడుకున్న బొమ్మ అది. ఇది దాని పనేంట్రా?”

“మొదటి పేజీ నుంచీ దాని పని అదే కదా! స్క్రిప్టులో ఇది తొమ్మిదో హత్య. మీరు చదివానన్నారుగా?”

కొట్లో అంతమందీ నన్నే చూశారు. జిల్ చూసింది. స్నో చూశాడు. ఆ పంతులమ్మ కూడా ఉంది, ఆవిడ మాత్రం చూపు పక్కకు తిప్పుకుంది. చూసినవాళ్ళకంటే ఆవిడ మీదే ఎక్కువ కోపం వచ్చింది.

“చదివాను” అన్నాను. “ఇంత ఎర్రగా ఉంటుందనుకోలేదు.”

“రంగు తగ్గిస్తాంలే” అన్నాడు వారిక్.

జూన్ 22

చదివాను అన్నాను. అనేశాను.

జూన్ 23, సోమవారం

ఇప్పుడు సినిమా ఆపమంటే చదవలేదని చెప్పాలి. చెప్పకపోతే మేవిస్ మొహం కుట్టిన బొమ్మ పాపను బావిలోకి తోస్తుంది. ఆ పాప భాగం అదేనట, ఊళ్ళో అనుకుంటుంటే విన్నాను. పిల్లలకు నచ్చుతుందన్నాను నేను.

గొర్రె మాంసం చాప్స్ మాడ్చాను. తిన్నాను.

జూన్ 24

ఫోన్ మోగింది. మేవిసేనని నాకెలా తెలుసంటే ఇంకెవరు చేస్తారు. ఎత్తలేదు. ఎత్తితే అడుగుతుంది.

మళ్ళీ మోగలేదు.

జూన్ 26, గురువారం

కుక్క పని చేసి పెట్టింది.

వాళ్ళ రంగు రక్తానికి చీమలు పడుతున్నాయని, వారిక్ కసాయి కొట్టు నుంచి నిజం రక్తం బకెట్టుతో తెప్పించాడు. మా ఊళ్ళో, కంగారూ తోలు బొమ్మ మీద, గొర్రె రక్తం పోశాడు. వేటకుక్క ఎదురుగా. చూస్తున్న మావాళ్ళలో ఒక్కడూ వద్దనలేదు. సినిమావాళ్ళకు తెలిసే చేస్తున్నారనుకున్నారట! స్నో కూడా అనుకున్నాడు, కుక్క వాడిదే అయి ఉండి.

టింకర్ గొలుసు తెంపుకుంది. స్నో తొట్టిలో చచ్చిపోయి ఉన్నాడు కాబట్టి పట్టుకునే నాథుడు లేడు. బొమ్మను మెడ దగ్గర పట్టి, కంగారూను ఎలా విదిలిస్తుందో అలాగే విదిలించి, మైదానంలోకి లాక్కుపోయింది. తెచ్చేసరికి ఒక చెవి, ఒక గోరు మిగిలాయి.

“అది నటించలేదు రా, అసలైన పని చేసింది” అని స్నో నీళ్ళు కారుతూనే మురిసిపోతున్నాడు.

అది చివరి బొమ్మ. మిగిలిన నాలుగూ ఇదివరకే నరికారు, కాల్చారు, పేల్చారు. ఇంకో రెండు రోజుల పని ఉంది. పాప, బావి, చివరి మంట.

పీడ విరగడైందనుకుని ఇంటికి వచ్చి టీ పెట్టుకున్నాను. చాలా రోజుల తరవాత టీ రుచిగా ఉంది.

సాయంత్రం జిల్, వారిక్ తలుపు కొట్టారు. కొత్తది చేయమన్నారు. ఇంట్లో పచ్చి తోలు తప్ప లేదు, శుద్ధికి వారాలు పడతాయన్నాను. అది నిజమే. అప్పుడు వారిక్ చూపు నా భుజం మీదుగా వెనక్కి పోయింది.

కుట్టుమిషను మీద మేవిస్ బొమ్మ కూర్చుని ఉంది. మొట్టమొదటిది. పెళ్ళయిన ఏడు చేశాం. తోలు అక్కడక్కడా వెంట్రుక ఊడి బట్టతలైంది. నోటి గీత మాత్రం నిన్న కుట్టినట్టుంది. ఎవరడిగినా మేవిస్ అమ్మలేదు, ముట్టుకోనివ్వలేదు.

“అదుందిగా గురూ!” అన్నాడు.

“అది మా ఆవిడది.”

“మీరు మొత్తం చదివి ఒప్పుకున్నారు. ఈ ఒక్కటి లేకపోతే ఇన్నాళ్ళ పనీ బూడిద. రేపు పొద్దున పట్టుకురండి. నోరు మేం కోసుకుంటాం.”

జిల్ బాగా అలిసిపోయి ఉంది పాపం. “మీరు ఒప్పుకున్నారని అందరితో గొప్పగా చెప్పాను పెద్దాయనా” అంది అంతే.

జూన్ 27, శుక్రవారం

బావి దగ్గరికి వెళ్ళాను. బొమ్మ పట్టుకెళ్ళలేదు.

చేతులు ఖాళీగా ఉండడం వారిక్ దూరం నుంచే చూశాడు. “ఏదీ?” అన్నాడు.

“ఇవ్వను.”

“చూడు గురూ, చదివి ఒప్పుకున్నాక...”

“చదవలేదు” అన్నాను.

“ఏంటి?”

“చెవుడా నీకు? చదవలేదన్నాను. చదవలేను. కోలా అన్న మాట తప్ప నీ కట్టలో నాకు ఒక్క ముక్క తెలీదు. నాకు చదువు రాదు. మా ఇంట్లో చదువొచ్చింది మేవిస్‌కి. ఇన్నేళ్ళూ ప్రతి కాగితమూ ఆవిడే చదివింది. నేను అడిగినట్టు ఉండకూడదని, తన కోసమే చదువుకుంటున్నట్టు పైకి చదివేది. ఆవిడకు రాదని నేను పబ్‌లో అన్నది పచ్చి అబద్ధం. విన్నారా అందరూ? ఆ బొమ్మ ఆవిడది. ఇవ్వను. ఇప్పుడు నవ్వండి.”

నిలబడ్డాను, నవ్వుతారని. ముందు స్నో వైపే చూశాను. వాడు టోపీ తీసి తల గోక్కున్నాడు.

“ఒరేయ్ క్లారీ, ఈ సంగతి మా టింకర్‌కి కూడా తెలుసురా” అన్నాడు.

“మరి నాతో ఎవడూ అనలేదేం?” అని అరిచాను.

“ఎలా అంటాం? నువ్వు చదివానంటివి!”

అప్పుడు నవ్వారు. నాకు ఎంత కోపం వచ్చిందంటే, ఆ కోపంలో నేను కూడా నవ్వానేమో, సరిగా గుర్తులేదు.

జిల్ నా దగ్గరికి వచ్చింది. “ఆ మొదటి రోజే చెప్పి ఉంటే నేనే చదివి వినిపించేదాన్ని” అంది. తిడుతున్నట్టే అంది. తిట్టాల్సిందే.

వారిక్ కాసేపు బావి చుట్టూ తిరిగి, చెవీ గోరూ చేతిలో పట్టుకుని చూసుకున్నాడు. బొమ్మ చావలేదు, తప్పించుకుపోయిందని చూపిస్తాడట. అయితే రెండో సినిమా తీయొచ్చట. నన్ను చూసి ఆశగా “గురూ...” అన్నాడు. నేను టోపీ సర్దుకుని వచ్చేశాను.

జూన్ 28

ట్రంక్ కాల్ చేశాను. డల్సీ ఎత్తి, “ఇప్పటికి తెల్లారిందా?” అంది. తర్వాత మేవిస్ వచ్చింది.

మొత్తం చెప్పాను. రక్తం, నోరీన్, కుక్క. నోటి గీతలు కోశానని చెప్పాను.

“ఎన్నిటికి?”

“ఐదింటికీ.”

“నా బొమ్మకో?”

“ముట్టుకోలేదు. మిషను మీదే ఉంది.”

బావి దగ్గర అన్న మాటలు చెప్పాను. అవి ఫోన్లో చెప్పడం అక్కడ చెప్పినదానికంటే కష్టంగా ఉంది. అక్కడ కోపం తోడుంది.

“ఎవరెవరున్నారు అప్పుడు?” అంది.

“ఊరంతా.”

“ఊరంతా అంటే కాదు. పేర్లు చెప్పు.”

చెప్పాను. ఒక్కొక్కరూ. స్నో పేరు చెప్పాక ఆపింది.

“స్నో ఉన్నాడా?”

“టోపీ తీసి తల గోక్కుంటూ ముందువరసలోనే ఉన్నాడు.”

ముక్కు చీదిన చప్పుడు వినబడింది. జలుబు చేసిందేమో.

“ఒకటో తారీకు నుంచి బస్సుల వేళలు మారతాయన్నారు. శుక్రవారం బస్సు మనూళ్ళో ఎన్నింటికి ఆగుతుందో చూసి చెప్పు. చీకటిపడ్డాక దిగి నడవలేను నేను” అంది.

“మోకాలు బాగానే ఉందన్నావుగా?”

“క్లారీ.”

“సరే, సరే. చూసి చెబుతా.”

జూన్ 30, సోమవారం

బస్సుల కొత్త వేళల కాగితం నోరీన్ కొట్టు అద్దానికి లోపలి నుంచి అంటించి ఉంది. ఎడ్డివాడిలా దాని ముందు నిలబడ్డాను. అన్నీ అంకెలే. అంకెలు నాకు వచ్చు. కానీ ఏ అంకె ఏ ఊరిదో, ఏ రోజుదో పక్కన అక్షరాల్లో ఉంది. ఊహించి చెప్పేస్తే సరిపోతుందనుకున్నాను. సాయంత్రం ఎప్పుడో వస్తుంది, వచ్చేదాకా నిలబడితే పోయె.

లోపలికి వెళ్ళాను. ఇద్దరు ఆడవాళ్ళు బంగాళాదుంపలు ఏరుకుంటున్నారు. వాళ్ళు వెళ్ళేదాకా ఆగుదామనుకున్నాను. వాళ్ళు ఏరుతూనే ఉన్నారు.

“నోరీన్” అన్నాను. “ఆ బస్సు కాగితం కాస్త చదివి పెట్టు. శుక్రవారానిది.”

ఇంకా మెడ మీద ఎర్రరంగు పూర్తిగా పోలేదు ఆవిడకి. కళ్ళజోడు పెట్టుకుని, అద్దం దగ్గరికి వెళ్ళి, వేలు పెట్టి చదివింది. నాలుగూ పది. వెలుతురు ఉంటుంది. బంగాళాదుంపలవాళ్ళు తల కూడా ఎత్తలేదు.

అంతే. ఇంకేం కాలేదు.

జూలై 1

ఇవాళ మళ్ళీ వెళ్ళి అడిగాను. నాలుగూ పదేనట.